ఇతరాల ఖానాలో పడిన మాట

మిషన్ బడి పంతులు ఏసోబు చావు జరిగిన ఇంటికి నోటుబుక్కు పట్టుకొని పోవడం మొదలుపెట్టిన కొత్తలో, జనం అతని మొహాన ఉమ్మేయడం ఒక్కటే తక్కువ. అవతల పీనుగు వాకిట్లో ఉంటుంది, ఆడవాళ్ళు ఒకరి మెడ ఒకరు పట్టుకొని ఏడుస్తుంటారు, ఈయనేమో గోడవార గొంతుక్కూర్చొని గబగబా రాసుకుంటుంటాడు. ఎవరికి మండదు చెప్పండి?

"ఏందిరా, మా నాయిన పోతె నువ్వు పరీక్ష రాస్తున్నవా?" అని కాటమయ్య ఒకసారి మీదికే వచ్చాడు.

"ఊకో కాటమయ్యా, మారెమ్మ కొడుకు గాదా. తల్లి ఏడుస్తది, కొడుకు రాస్తడు. ఇంటోళ్ళిద్దరికీ చావుల కాడనే పని దొరికింది," అని గుర్వమ్మ వెక్కిరించింది. ఏడుస్తున్నవాళ్ళలో కూడా ఇద్దరు ముగ్గురు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. ఏసోబు తల దించుకున్నాడు గానీ రాయడం ఆపలేదు.

ఏసోబు తల్లి మారెమ్మ రామన్నపేట చుట్టుపక్కల శోకానికి పెట్టింది పేరు. శోకమంటే ఉత్త ఏడుపు కాదు. పోయిన మనిషిని పిలిచి, బతికినన్నాళ్ళు ఏం తిన్నాడో, ఏం పని చేశాడో, ఎవరిమీద అలిగాడో, అన్నీ రాగం తీసి చెప్పుకుంటూ ఏడవడం. మారెమ్మ గొంతెత్తితే, పోయినవాడితో ఇరవై ఏళ్ళు మాటల్లేని దాయాది కూడా తలగుడ్డ విప్పి మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. క్రైస్తవులు అలా శోకాలు తీయరాదని పాస్టరు గుడిలో చాలాసార్లు చెప్పాడు. పాపం ఆయన మాట ఎవరూ కాదనలేదు. ముందు పాస్టరు ప్రార్థన చేస్తాడు, పాస్టరు సైకిలు మలుపు తిరిగాక మారెమ్మ మొదలుపెడుతుంది. ఇద్దరికీ గౌరవం దక్కింది, ఊరికీ కడుపునిండా ఏడ్చిన తృప్తి దక్కింది.

ఈ రాతల పని ఏసోబుకు లింగస్వామి సారు అంటగట్టాడు. ఆయన పుట్టింది భువనగిరి దిక్కు, పని చేసేది పట్నంలో యూనివర్సిటీలో. పందొమ్మిదివందల అరవై ఒకటి ఎండాకాలంలో బడి వరండాలో చెమటలు కక్కుతూ కూర్చొని తన పరిశోధన సంగతి చెప్పాడు. ఒక మనిషి పోతే, వెనక ఉన్నవాళ్ళు ఆ మనిషిని దేనితో తలుచుకుంటారు? పెట్టిన తిండితోనా, చేసిన పనితోనా, కన్న పిల్లలతోనా? అది తెలుసుకోవాలంటే జనాన్ని కూర్చోబెట్టి అడిగితే లాభం లేదు, అడిగితే అందరూ మంచిమాటలే చెప్తారు. శోకంలో వచ్చే మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాసుకోవాలి. ముందే కొన్ని ఖానాలు గీసి పెట్టుకొని, ఒక్కొక్క వాక్యాన్ని ఏదో ఒక్క ఖానాలోనే వేయాలి. తర్వాత లెక్కపెట్టాలి.

"చెవిని నమ్మొద్దు ఏసోబూ," అన్నాడు సారు. "గట్టిగ ఏడ్చిన మాటనే చెవికి యాదికుంటది. మెల్లగ అన్నది జారిపోతది. లెక్కకు గట్లాంటి పక్షపాతం ఉండదు."

ఏసోబుకు ఆ మాట బాగా నచ్చింది. మిషన్ బోర్డింగులో అన్నం తిని చదువుకున్న మనిషి, ఇరవై మూడేళ్ళవాడు, చదువుకు పనికొచ్చే పని ఒకటి తన దగ్గరికి నడిచి వచ్చిందని మురిసిపోయాడు. పైగా తల్లి ఏడుపు పుస్తకంలోకి ఎక్కుతుందంటే ఎవరికి చేదు? రెండేళ్ళు తిరిగాడు. అరవై నాలుగు శోకాలు రాశాడు. అందులో మారెమ్మవి పందొమ్మిది.

నల్లగొండలో సారు ఒక గది కిరాయికి తీసుకున్నాడు. ఏసోబు సెలవు రోజుల్లో అక్కడికి పోయి ఆ వాక్యాలను ఖానాల్లో వేసేవాడు. తిండి, పని, గుణం, పిల్లలు, దేవుడు, ఇతరాలు. ఎక్కడా పట్టని మాట ఇతరాల్లో పడుతుంది. అతను ఒక్కడే చేస్తే సరిపోదు. అవే నోటుబుక్కులను ఇంకొకరు విడిగా చూసి, తమ లెక్కన తాము ఖానాల్లో వేయాలి. ఇద్దరూ మాట్లాడుకోకూడదు. చివర రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే పదింట ఎనిమిది కలవాలి. కలవకపోతే ఎక్కడో తప్పు ఉన్నట్టు. ఆ రెండో మనిషి యాదలక్ష్మి. యాదగిరిగుట్ట ఆమె, నల్లగొండలో ఆడపిల్లల బడిలో టీచరు. ముక్కుసూటి మనిషి.

కాగితాలు కలిపి చూసిన రోజు తక్కినవన్నీ బాగానే కలిశాయి. మారెమ్మ శోకాల్లో ఒకే ఒక్క వాక్యం దగ్గర మాత్రం వరసగా తేడా వచ్చింది. ఏసోబు దాన్ని ప్రతిసారీ ఇతరాల్లో వేశాడు. యాదలక్ష్మి ప్రతిసారీ పిల్లల ఖానాలో వేసింది.

ఆ వాక్యం ఇది: "నువ్వు వోయేకాడ నా ఎర్ర రైక పిల్ల ఉన్నదేమో చూసి, నా కలలకొచ్చి చెప్పిపో."

"గిది పిల్లల ముచ్చట ఎట్లయితది టీచరమ్మా?" అన్నాడు ఏసోబు నవ్వుతూ. "గది శోకంల వచ్చే మాట. ఊకె అంటరు. నా చిన్నప్పటి సంది వింటున్న."

"ఊకె అనే మాటయితే వేరేవాళ్ళు కూడ అనాలె గదా? నలభై అయిదు శోకాలు వేరేవాళ్ళయి ఉన్నయి. ఒక్కరు గూడ అనలే. మీ అమ్మనే అంటది."

"మా అమ్మ బాణీ గది."

"బాణీ అయితే అన్నింట్ల రావాలె. పందొమ్మిదింట్ల పద్దెనిమిదింట్లనే ఉన్నది సారూ. గీ ఒక్కదాంట్ల లేదు. ఎందుకు లేదో చూసినవా?"

ఏసోబు నోటుబుక్కు తీసుకొని తిప్పాడు. ఆ ఒక్కటి సైదులు ఇంట్లో చావు. పోయింది నాలుగు నెలల పసిగుడ్డు. ఆ రోజు మారెమ్మ గంటసేపు ఏడ్చింది, ఊయల గురించి, ఉగ్గు గురించి, తల్లి పాల గురించి అన్నీ చెప్పింది. ఎర్ర రైక మాట మాత్రం ఎత్తలేదు.

"చంటిదానికి మాటలు రావు గదా," అంది యాదలక్ష్మి మెల్లగా. "ఉన్నదో లేదో చూసొచ్చి ఎట్ల చెప్తది? అందుకే అడగలే. మీ అమ్మ ఊకె అంటలేదు సారూ. నిజంగనే అడుగుతున్నది. ఎవరు గా పిల్ల?"

ఏసోబు ఆ కాగితం మళ్ళీ మొదటినుంచి చూశాడు. తల్లికి తానొక్కడే. ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని మాత్రం విన్నాడు. పద్దెనిమిది సార్లు ఆ వాక్యాన్ని తన చేత్తో రాసి, పద్దెనిమిది సార్లు తీసుకుపోయి ఇతరాల్లో పారేశాడు. ఒక్కసారి కూడా ఎవరే అమ్మా ఆ పిల్ల అని అడగాలని తోచలేదు. ఛీ, ఏం చదువు చదివినట్టు!

ఆదివారం గుడి నుంచి వచ్చాక మారెమ్మ వాకిట్లో కూర్చొని జొన్నలు చెరుగుతోంది. ఏసోబు ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, ఎర్ర రైక పిల్ల ఎవలే?"

చేట ఆగింది. "ఎవలు చెప్పిండ్రు నీకు?"

"నువ్వే చెప్పినవ్. పద్దెనిమిది సార్లు చెప్పినవ్. నేను రాసుకున్న."

"రాసుకున్నవా? మరి గప్పుడు వినలేదా కొడుకా?" అంది మారెమ్మ. కోపంగా అనలేదు. ఆ కోపం లేకపోవడమే ఏసోబుకు ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడు చెప్పింది. "నీకు అక్క. ఈదమ్మ. దొర బిడ్డ పెండ్లికి అరణం పోయింది. నీకు గప్పుడు మూడేండ్లు, దానికి ఎనిమిది."

దొరల ఇంటి పెళ్ళికూతురు అత్తవారింటికి పోతుంటే ఆమె వెంట ఒక పనిపిల్లను కూడా పంపేవాళ్ళు. అరణంగా పళ్ళాలు, బిందెలు ఎట్లా పోతాయో అట్లా. ఆ పిల్లను ఆడబాప అనేవాళ్ళు. పోయిన పిల్ల ఇంక ఆ అత్తింటి దొరల గడీకే, ఆ కోటలాంటి ఇంటికే చెందుతుంది. తండ్రి మైసయ్య కాదనడానికి ఎవరు? అప్పటి ఊరి దొర గడీ నుంచి ఒక ఎర్ర రైక పంపించారు, పిల్లకు తొడిగారు, పాలమూరు అవతల ఒక ఊరికి బండి ఎక్కించారు. ఈదమ్మ ఏడవలేదట. కొత్త రైక చూసుకొని మురిసిపోతూ పోయిందట.

"పోలీసు చర్య అయినంక మీ నాయిన పోయి అడిగిండు. గడీకి తాళం. దొరలు పట్నం పారిపోయిండ్రట. పనోళ్ళు ఎవలెటు పోయిండ్రో తెల్వదన్నరు. మీ నాయిన గా ఫికర్ తోనే మంచం వట్టిండు. పిల్లగానికి చెప్పకే, చెప్తే పెద్దగయినంక దొరల మీదికి పోతడు, వాడు గూడ దక్కడు అని ఒట్టు వేయించుకున్నడు. ఆయన వోయినంక నిన్ను దీస్కొని మన పాతూరు ఇడిచి గీ ఊరికొచ్చిన, ఈడోళ్ళకు గూడ చెప్పలే. గప్పటి సంది అడుగుతున్న."

"చచ్చినోళ్ళనా?"

"బతికున్నోళ్ళు ఎవలు చెప్తరు నాకు? మైసయ్యనే మొదలు అడిగిన. ఆ ఎన్క ఎవలు పోయినా అడిగిన. ఒక్కలు గూడ కలలకు రాలే. నేను ఏడ్చి సాగనంపినోళ్ళు, గంత విశ్వాసం లేకుంట ఉంటరా? ఆడ ఉంటె ఎవలో ఒకలు వచ్చి చెప్పకపోతురా? లేదు గాబట్టే రాలే." మారెమ్మ మళ్ళీ చేట అందుకుంది. "నా బిడ్డ యాడనో ఉన్నది కొడుకా. బతికే ఉన్నది."

సారు నేర్పిన లెక్క ఏసోబుకు రెండేళ్ళ కింద వచ్చింది. తల్లి పద్నాలుగేళ్ళుగా అదే పని చేస్తోంది. చెప్పిన మాట కంటే చెప్పని మాటను లెక్కపెట్టుకొని, దాని మీదే బిడ్డను బతికించుకుంటోంది.

వేసవి సెలవుల్లో, పాలమూరులో ట్రేనింగు ఉందని అబద్ధం చెప్పి, నార్కట్‌పల్లిలో బస్సెక్కాడు. మూడు బస్సులు మారి, ఆరు మైళ్ళు నడిచి ఆ ఊరు పట్టుకున్నాడు. గడీ సగం కూలింది. పశువులు కడుతున్నారు అందులో. ఒకప్పుడు ఆ గడీలో పని చేసిన ముసలామె సత్తమ్మ ఒక్కతే మిగిలింది. ఈదమ్మ పేరు వినగానే, "ఎర్ర రైక పొల్లనా?" అంది.

ఏసోబుకు ప్రాణం లేచివచ్చింది. ఉన్నదా అమ్మా, అని అడిగాడు.

"యాడిది బిడ్డా! పోయి పదమూడేండ్లాయె. దొరలు మళ్ళొచ్చి ఒక్క ఏడు ఉన్నరు, గప్పుడు జరమొచ్చింది. దవాఖానకు తోలుకపోయేటోళ్ళు ఎవలు? నాలుగొద్దుల్ల అయిపోయింది. పదిహేడేండ్ల పిల్ల."

సీతాఫలం పొదల మధ్య ఒక చోటు చూపించింది. రెండు రాళ్ళు తప్ప గుర్తేమీ లేదు. ఏసోబు ఆ రాళ్ళ దగ్గర కూర్చున్నాడు. సత్తమ్మ పక్కన కూర్చొని, అడగకుండానే ఇంకో మాట చెప్పింది.

"మస్తు మాట్లాడేది. మా అమ్మ ఏడిస్తే ఊరంత ఏడుస్తది అని గొప్పలు వోయేది. జరంల గూడ అదే కలవరింత. అత్తా, నేను పోతె మా అమ్మను పిలిపియ్యి, మంచిగ ఏడుస్తది అన్నది. యాడ పిలిపిస్తం? మేమన్న ఏడుద్దామంటే దొరసాని ఊకొండి, లోపల చుట్టాలున్నరు అన్నది. నోట్ల గుడ్డలు కుక్కుకొని మట్టి జేసినం. నా బిడ్డకు ఒక్క శోకం లేదు."

ఏసోబు ఇంటికి చేరేసరికి తల్లి అంబలి కలిపి పెట్టింది. "అయిందా నీ ట్రేనింగు? గిట్ల నల్లగయినవేంది?" అంది. అయింది అన్నాడు. చెప్పేద్దామనే వచ్చాడు, మూడు బస్సుల్లోనూ ఏ మాట ముందు చెప్పాలో పేర్చుకుంటూనే వచ్చాడు. తల్లి మొహం చూశాక అంబలి గిన్నె అందుకున్నాడు. ఆమెకున్నది ఆ ఒక్క ఆశ, అది కూడా తాను ఎట్లా గుంజుకోవాలి? రేపు చెప్దామనుకున్నాడు.

ఆ వారంలోనే నర్సింగమ్మ అనే ముసలామె పోయింది. మారెమ్మ ఆమె కాళ్ళ దగ్గర కూర్చొని, "అక్కా, నువ్వు వోయేకాడ నా ఎర్ర రైక పిల్ల ఉన్నదేమో చూసి, నా కలలకొచ్చి చెప్పిపో," అని ఏడ్చింది. గోడవార కూర్చున్న ఏసోబు ఆ మాట రాయలేకపోయాడు. నోటుబుక్కు మూసి బయటికి పోయాడు. మళ్ళీ ఏ చావుకూ పుస్తకం తీసుకుపోలేదు. చాలు సారూ, నాతోని గాదు అని లింగస్వామికి కార్డు రాశాడు. ఏడాదికి సారు అచ్చువేసిన పుస్తకం ఒకటి పంపాడు. అందులో ఒక పట్టికలో, తల్లి మాట ఇతరాల కింద ఒక అంకెగా ఉంది. ఇద్దరు చూసినవాళ్ళ లెక్క కలవని చోట మొదటివారి లెక్కే తీసుకున్నామని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆ మొదటివాడు ఏసోబే.

రేపు రేపు అంటూ మూడేళ్ళు గడిచాయి. ఎంతమంది పోయారో అంతమందినీ మారెమ్మ అడిగింది. అంతమందీ కలలోకి రాకుండా ఆమెను మోసం చేశారు. వాళ్ళనెందుకనాలి, చేసింది కొడుకు.

అరవై ఆరులో వానల్లేని కాలంలో మారెమ్మ మంచం పట్టింది. రామన్నపేట దవాఖానలో చూపించారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఒకరోజు పొద్దున కొడుకును దగ్గరికి పిలిచింది.

"ఇగ ఎవల్నీ అడగను కొడుకా. నేనే పోతున్న గదా, నేనే చూస్త. ఆడ లేకుంటె నీ కలలకొచ్చి చెప్త. గప్పుడు నువ్వు పోయి దేవులాడు. అక్క యాడనో వోయిందని ఊకోకు."

"అమ్మా," అన్నాడు ఏసోబు.

"ఏంది?"

"ఏం లేదే. నీళ్ళు తాగుతవా?"

తాగింది. తనలో తాను చెప్పుకున్నట్టు అంది: "ఊరోళ్ళందరికి ఏడ్చిన. కని పెంచినదానికి ఒక్క శోకం వెట్టలే. బతికున్నదానికి పెట్టొద్దు గదా, పాపం తగులుతది. దాని ఎనిమిదేండ్ల ముచ్చట్లన్ని గట్లనే దాచిపెట్టుకున్న. పోయిందని తెలిస్తే గప్పుడు ఏడుద్దామని."

మూడేళ్ళుగా ఏసోబు తల్లి ఆశను కాపాడుతున్నానని అనుకున్నాడు. కాపాడింది ఏమీ లేదు. అక్క పిలిపించమన్నది ఆ ఏడుపునే. తల్లి దాచుకున్నది ఆ ఏడుపునే. మధ్యలో తాను అడ్డం కూర్చున్నాడు. ఈసారి ఎట్లయినా చెప్పాలని తేరుకొని, కళ్ళు తుడుచుకొని వంగేసరికి మారెమ్మకు సోయి తప్పింది. చెవిలో చెప్పాడు, ఒకటికి పదిసార్లు చెప్పాడు. ఆమె పలకలేదు. మధ్యాహ్నానికి పోయింది.

పాస్టరు వచ్చి ప్రార్థన చేశాడు. సైకిలు మలుపు తిరిగింది. ఆడవాళ్ళందరూ మారెమ్మ చుట్టూ కూర్చున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ మొదలుపెట్టలేదు. మొదలుపెట్టే మనిషి చాపమీద పడుకొని ఉంది.

గోడవార గొంతుక్కూర్చొని ఉన్న ఏసోబు లేచి వచ్చాడు. మగవాళ్ళు శోకం తీయరు ఆ దిక్కున. అతను తల్లి కాళ్ళ దగ్గర కూర్చొని, రాగం రాక, గొంతు పగిలిపోతుంటే అరిచాడు.

"అమ్మా, నీ ఎర్ర రైక పిల్ల ఆడనే ఉన్నదే! పదహారేండ్ల కిందనే పోయిందే! నేను చూసొచ్చిన అమ్మా, నీకు చెప్పలేదే! మా అమ్మను పిలిపియ్యమన్నదట, మంచిగ ఏడుస్తదన్నదట. దానికి ఎవలు ఏడ్వలేదే అమ్మా! నువ్వు దాచిపెట్టుకున్నదంత నేనే నీ నోట్ల కుక్కి చంపితినే!"

ఒకప్పుడు అతన్ని వెక్కిరించిన గుర్వమ్మ దగ్గరికి జరిగి, ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకున్నట్టే అతని మెడ చుట్టూ చేయి వేసింది.

"ఏం పేరు కొడుకా గా పిల్లది?" అంది. "పేరు వెట్టి పిలువు."

"ఈదమ్మ."

"ఓ ఈదమ్మా..." అని గుర్వమ్మ ఎత్తుకుంది. తక్కినవాళ్ళూ కలిశారు. ఎన్నడూ చూడని ఎనిమిదేళ్ళ పిల్ల కోసం, పదిహేడేళ్ళకు పోయిన పిల్ల కోసం, పొద్దుగుంకే దాకా పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చారు. మారెమ్మ ఇన్నేళ్ళు దాచిపెట్టుకున్న ఏడుపు అది. ఆమె తలాపునే జరిగింది, ఆమెకు వినబడలేదు.